తిరుపతిలో వరల్డ్ హిస్టరీ వీకెండ్ బ్యాచ్: బ్రూనింగ్ క్లాసుకి ఐదు స్టార్లు, నోట్సుకి ఒకటి

సెంటర్ పేరు చెప్పను. యూనివర్సిటీకి దగ్గర్లో మేడ మీద నడుస్తా ఉండాది, సివిల్స్ హిస్టరీ ఆప్షనల్ వాళ్ళకి శని ఆదివారాలు వరల్డ్ హిస్టరీ అని పెట్టినారు, 10 వారాలకి 7,500. నేను కొర్లగుంట నుంచి బండిలో పోతాను, శనివారం అంటే తెలుసు కదా, కొండకొచ్చే జనంతో లీలామహల్ సర్కిల్ దాటేసరికే టైమైపోతుంది, లేటైతే వెనక బెంచీ, వెనక బెంచీకి ఫ్యాన్ గాలి రాదు, సార్ గొంతూ రాదు. ఏసీ క్లాస్‌రూం అని పాంప్లెట్లో వేసినారు, ఏసీ ఉండేది నిజమే, రిమోటే ఆఫీస్ రూంలో ఉండాది.

మొదటి ఐదు వారాలు బాగాలేదు. ఫ్రెంచ్ విప్లవం గంటన్నరలో ఊదేసినారు, నెపోలియన్ ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయినాడో తెలీలేదు. డబ్బులు వాపస్ అడుగుదామా అనుకుంటా ఉంటే ఆరో వారం జర్మనీ వచ్చింది, సార్ కూడా మారినాడు.

ఈ సార్ వస్తానే ఒకటే ప్రశ్న, హిట్లర్ ఎట్లొచ్చినాడంటే వెర్సాయ్ ఒప్పందం, 1929 మాంద్యం అని రాసేస్తారే, 1930 మార్చి నుంచి 1932 మే దాకా జర్మనీకి చాన్స్‌లర్, అంటే ప్రధాని లాంటాయన, ఎవరు? నలభై మందిమి ఉన్నాం, ఒక్కరూ నోరు తెరవలా. హైన్రిష్ బ్రూనింగ్ అని బోర్డు మీద రాసి రెండున్నర గంటలు ఆయన మీదే చెప్పినాడు.

మ్యూన్‌స్టర్‌లో 1885లో పుట్టిన కాథలిక్, మొదటి ప్రపంచ యుద్ధంలో మెషిన్ గన్ దళంలో ఆఫీసర్, తర్వాత క్రైస్తవ కార్మిక సంఘాల్లో పని, 1924లో సెంటర్ పార్టీ తరఫున రైష్‌టాగ్‌కి, అంటే వాళ్ళ పార్లమెంటుకి. పెళ్ళి లేదు, ఉపన్యాసాలు రావు, బడ్జెట్ లెక్కలు మాత్రం కంఠతా. హెర్మన్ ముల్లర్ ప్రభుత్వం నిరుద్యోగ బీమా చందా ఎంత పెంచాలనే గొడవలో కూలిపోతే ప్రెసిడెంట్ హిండెన్‌బర్గ్ ఈయన్ని పిలిచినాడు.

నాకు బాగా ఎక్కింది ఆర్టికల్ 48 చెప్పిన తీరు, అంటే సభని అడక్కుండా ప్రెసిడెంట్ ఎమర్జెన్సీ ఆర్డర్లు ఇచ్చేందుకు వాళ్ళ రాజ్యాంగంలో ఉండిన నిబంధన. మన ఆర్టికల్ 123 ఆర్డినెన్స్‌ని పక్కన పెట్టి పోల్చినాడు. మన దగ్గర పార్లమెంటు కూర్చున్నాక ఆరు వారాల్లో ఆమోదించకపోతే ఆర్డినెన్స్ పోతుంది. అక్కడ ఆమోదం అడగాల్సిన పనే లేదు, వద్దనుకుంటే ఆ ఆర్డర్‌ని రద్దు చేయమని సభే ఓటెయ్యాల. 1930 జులైలో సభ ఆ ఓటు వేసింది కూడా, బ్రూనింగ్ ఏం చేసినాడంటే ఆ సభనే రద్దు చేయించి అవే ఆర్డర్లు మళ్ళీ తెచ్చినాడు! సెప్టెంబర్ 14న ఎన్నికలు, నాజీలు 12 సీట్ల నుంచి 107కి పోయినారు. మళ్ళీ ఎన్నికలొస్తే ఇంగా పెరుగుతారని భయపడి సోషల్ డెమొక్రాట్లు నోరు మూసుకున్నారు. 1930లో సభ 98 చట్టాలు చేస్తే ఎమర్జెన్సీ ఆర్డర్లు 5, మరుసటేడు చట్టాలు 34, ఆర్డర్లు 44. ఈ నాలుగు అంకెలు బోర్డు మీద వేసి సార్ ఒక నిమిషం ఊరికే నిలబడినాడు, నిజంగా ఒళ్ళు జలదరించింది.

జీతాల కోత చెప్పేటప్పుడు 2022 పీఆర్సీ గొడవ తీసినాడు, హెచ్ఆర్ఏ తగ్గిస్తేనే మన ఉద్యోగులు చలో విజయవాడ పోయినారు కదా, అక్కడ 1931 డిసెంబర్‌లో ఒక్క ఆర్డర్‌తో జీతాలు 1927 నాటి స్థాయికి దించేసినారు, అద్దెలూ ధరలూ కూడా తగ్గించమన్నారు. మా నాయన రిటైర్డ్ ఆర్టీసీ, ఇంటికొచ్చి చెప్తే ఆయన అడిగిన మొదటి మాట పెన్షన్ కూడా కోసినారా అని. కోసినారు నాయనా. 1932 మొదట్లో నిరుద్యోగులు 60 లక్షలు దాటినారు, జనం పెట్టిన పేరు ఆకలి చాన్స్‌లర్. ఎందుకిట్లా అంటే 1923 ద్రవ్యోల్బణం భయం ఒకటి, యుద్ధ నష్టపరిహారం కట్టలేమని లోకానికి చూపించాలనేది ఇంకొకటి. ఆయనకి వేరే దారి ఉండిందా లేదా అని మా బ్యాచ్ కింద టీ కొట్టు దగ్గర ఎనిమిదిన్నర దాకా కొట్టుకుంది.

ఇంగ చివర్లో 1932 ఏప్రిల్‌లో ఊరూరూ తిరిగి హిండెన్‌బర్గ్‌ని మళ్ళీ ప్రెసిడెంట్‌గా గెలిపించినాడు, మే 30న ఆ ముసలాయనే ఈయన్ని ఇంటికి పంపినాడు, దివాలా తీసిన తూర్పు జమీందార్ల భూములు తీసుకుని పేదలకిచ్చే ప్లాన్ కొంత, జనరల్ ష్లైషర్ మంత్రాంగం కొంత. గమ్యానికి చివరి నూరు మీటర్లలో ఉన్నామని అదే నెల సభలో చెప్పినాడు పాపం. నష్టపరిహారం దాదాపు రద్దయింది జులైలో, లోజాన్‌లో, పేరు ఈయన తర్వాత చాన్స్‌లరైన పాపెన్‌కి పోయింది.

సార్ మీద ఒక కంప్లైంట్ ఉండాది. బ్రూనింగ్‌ని మరీ విషాద నాయకుడిలా చూపించినాడు. 1933 మార్చిలో హిట్లర్ ఎనేబ్లింగ్ చట్టానికి, అంటే సభతో పని లేకుండా హిట్లర్ ప్రభుత్వమే చట్టాలు చేసుకునే అధికారానికి, ఈయన పార్టీలో వద్దని వాదించి, సభలో మాత్రం పార్టీతో పాటే అనుకూలంగా ఓటేసినాడు, ఆ ముక్క క్లాసులో రాలేదు, నేను తర్వాత చదువుకున్నా. 1934లో దేశం వదిలి పారిపోయి హార్వర్డ్‌లో పాఠాలు చెప్పింది మాత్రం రెండు సార్లు చెప్పినాడు.

ప్రింటెడ్ నోట్స్ అయితే ఘోరం. బ్రూనింగ్ అని ఉండాల్సిన చోటల్లా బ్రౌనింగ్, ఇంగ్లీష్ కవి అనుకుంటారు. నాజీల సీట్లు 170 అని పడింది, పాపెన్ తేదీలు ఈయనకి అంటించినారు. దీనికి 600 వేరే! ఆఫీసులో అడిగితే నెక్స్ట్ ఎడిషన్‌లో సరిచేస్తాం మేడం అన్నారు.

చేరాలనుకుంటే ముందు ఫోన్ చేసి జర్మనీ ఏ వారమో, ఏ సార్ చెప్తాడో అడగండి, విడి క్లాసుకి 400 తీసుకుని కూర్చోనిస్తారు. రెండో బెంచీ, కుడి పక్క, ఫ్యాన్ కింద.