చంటిపిల్లలకి విమాన టికెట్లు చేయించేవాళ్లు ఆ ఏజెంట్‌తో జాగ్రత్త

నిన్న జరిగిందిది. రాత్రి నిద్ర పట్టలేదు, ఇప్పటికీ కోపం తగ్గలేదు.

పురిటికని అమలాపురం పుట్టింటికి వెళ్లాను. పాపకి ఐదో నెల వచ్చింది, బాబుకి ఐదేళ్లు. ఇద్దరితో రాత్రంతా బస్సులో కష్టమని మధురపూడి (రాజమండ్రి ఎయిర్‌పోర్టు) నుంచి హైదరాబాద్‌కి విమానంలో వెళ్లమన్నారు నాన్న. టికెట్లు ఒక ఏజెంట్ దగ్గర చేయించాం, ఎవరో మన వైపు వాళ్లకి పేరు చెప్పక్కర్లేదు.

పాప బర్త్ సర్టిఫికెట్ వాట్సాప్‌లో పంపాను. పాపకని విడిగా 2,000 తీసుకున్నాడు. ముందురోజు రాత్రి టికెట్ చూస్తే పాప పేరు లేదు. అడిగాను. "ఆయ్, చంటిపిల్లల పేరు టికెట్లో పడదండీ, ఒళ్లోనే కదా కూర్చుంటారు" అన్నాడు. నమ్మాను. ఆ మాట నమ్మి పడుకున్నందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

తెల్లవారకముందే బయల్దేరి రావులపాలెం, జొన్నాడ మీదుగా వెళ్లాం. ఎయిర్‌పోర్టు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన టికెట్ చూసి "పాప పేరేదమ్మా?" అన్నారు. ఒళ్లో బిడ్డకైనా టికెట్ ఉండాల్సిందే, లేకపోతే లోపలికి పంపరు. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే నాలుగోసారికి ఎత్తాడు.

"పాప ఉన్నట్టు మీరు నాకు చెప్పనేలేదు."

సర్టిఫికెట్ పంపాను, డబ్బు తీసుకున్నారు, రాత్రి పేరు లేదని అడిగాను కూడా అన్నాను. "చదువుకున్నారు కదా, టికెట్ చూసుకోవద్దా? పొద్దున్నే గొడవ పెట్టుకోకండి" అని పెట్టేశాడు. తర్వాత నా నంబర్ బ్లాక్ చేశాడు. భుజం మీద పాప గుక్కపట్టి ఏడుస్తోంది, బాబు నా చీర కొంగు పట్టుకుని బిక్కమొహం వేసుకున్నాడు. మోకాళ్ల నొప్పులున్న మా నాన్న కౌంటర్‌కి పరుగెత్తారు. డబ్బు మాట అలా ఉంచండి, ఆ పూట నాన్నని అలా పరుగెత్తించినందుకు ఆ మనిషిని క్షమించలేను.

కౌంటర్‌లో అమ్మాయి పుణ్యమా అని చెకిన్ మూసేలోపు పాప పేరు చేర్చారు. మళ్లీ డబ్బు కట్టాం.

తీరా చూస్తే బాబు టికెట్ వేరే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబర్) మీద ఉంది! 12 ఏళ్లలోపు పిల్లలకి అమ్మానాన్నల్లో ఒకరి పక్కనే సీటు ఇవ్వాలని 2024లో డీజీసీఏ (విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) చెప్పింది, కానీ అది ఒకే పీఎన్‌ఆర్‌లో ఉంటేనే. నా సీటు ముందు, వాడిది ఎక్కడో వెనక. ఒక పెద్దాయన లేచి తన సీటిచ్చారు.

పిల్లలతో వెళ్లేవాళ్లు అందరినీ ఒకే పీఎన్‌ఆర్‌లో వేయించుకోండి. రెండేళ్లలోపు బిడ్డ ఒళ్లో కూర్చున్నా టికెట్‌లో పేరుండాలి, వయసు కాగితం దగ్గరుండాలి. తిరుగు ప్రయాణం నాటికి రెండేళ్లు నిండితే సీటు కొనాలి. ఏజెంట్ పంపిన ఫొటో కాదు, ఎయిర్‌లైన్ సైట్‌లో పీఎన్‌ఆర్ కొట్టి మీరే చూసుకోండి.

నా 2,000 ఇంకా రాలేదు. చాట్ అంతా దాచాను, కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఇవాళే ఫోన్ చేస్తున్నాను. ఆయన దగ్గర టికెట్ చేయించుకుని ఇంకా ప్రయాణం కానివాళ్లు ఉంటే ఇప్పుడే తీసి చూడండి.