వైరల్ జ్వరం తగ్గాక థైరాయిడ్ పరీక్ష: వెంటనే మేలా, ఆరు వారాలు ఆగడం మేలా?

ఫ్లూ గానీ కోవిడ్ గానీ వచ్చి తగ్గినవారు కొద్ది రోజులకు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. జ్వరం పోయింది, దగ్గు సర్దుకుంది, నీరసం మాత్రం వదలడం లేదు. నాలుగు మెట్లెక్కితే గుండె దడ. రాత్రి నిద్ర సరిగా పట్టదు. ఇది థైరాయిడ్ కావచ్చునని ఎవరో అన్నారు, పరీక్ష ఇప్పుడే చేయించుకోవాలా, కొన్నాళ్లు ఆగాలా? మూడు నెలల కిందట నేనూ ఇదే సందిగ్ధంలో పడి, ముందు తొందరపడి, తర్వాత సరిదిద్దుకున్నాను కాబట్టి రెండు మార్గాలనూ పక్కపక్కన పెట్టి చూద్దామనిపించింది.

నేను చేసింది మొదటి పని. జ్వరం పూర్తిగా తగ్గిన తొమ్మిదో రోజున వెళ్లి రక్తం ఇచ్చి వచ్చాను. సాయంత్రం వచ్చిన రిపోర్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించడానికి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్; థైరాయిడ్ తక్కువైతే ఇది పెరుగుతుంది) 7.8 అని దళసరి అక్షరాల్లో ఉంది, పక్కనే పైకి చూపే బాణం గుర్తు. మాత్ర మొదలుపెడదామని ఒక వైద్యుడు అన్నారు. మెడ నొప్పి, గొంతు వాపు వంటివేమీ లేవు గనుక ఆగి చూద్దామని మరొకరు అన్నారు. రెండో సలహా పాటించి, ఏడు వారాల తర్వాత అదే ల్యాబులో, అదే ఉదయపు వేళ మళ్లీ పరీక్ష చేయిస్తే 2.9 వచ్చింది. ఆ రెండు అంకెల మధ్య నేను మింగిన థైరాయిడ్ మాత్ర ఒక్కటీ లేదు.

నా దృష్టిలో ఈ విషయాన్ని తేల్చేది ఒక్కటే: పరీక్ష చేసిన రోజున ఆ అంకె దేన్ని కొలుస్తోంది? మామూలు రోజుల్లో అది గ్రంథి స్థితిని చెబుతుంది. జబ్బు రోజుల్లో మాత్రం, జబ్బును తట్టుకోవడానికి శరీరం చేసుకున్న తాత్కాలిక సర్దుబాటును చెబుతుంది. థైరాయిడ్ గ్రంథి ప్రధానంగా తయారుచేసేది టీ4 అనే హార్మోన్. దాని నుంచి ఒక అయోడిన్ పరమాణువును తొలగించి, పనిచేసే రూపమైన టీ3గా మార్చుకునేది కాలేయం, మూత్రపిండాల వంటి ఇతర కణజాలాలు. వైరస్‌తో పోరాడే సమయంలో రక్తంలో పెరిగే ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాల ప్రభావంతో ఈ మార్పిడి మందగించి, టీ4లో కొంత భాగం పనికిరాని ‘రివర్స్ టీ3’ వైపు మళ్లుతుంది. అంటే ఇంట్లో కష్టం వచ్చినప్పుడు ఖర్చు తగ్గించుకున్నట్లు శరీరం తన శక్తి వ్యయాన్ని తగ్గించుకుంటుంది. జ్వరం తీవ్రంగా ఉన్నప్పుడు టీ3 పడిపోవడం, టీఎస్‌హెచ్ మామూలుగానో కాస్త తక్కువగానో ఉండడం అందువల్లనే. గ్రంథిలో మాత్రం ఏ లోపమూ ఉండదు.

అసలు చిక్కు కోలుకునే దశలో ఉంది. ఒత్తిడి తగ్గగానే పిట్యూటరీ గ్రంథి మళ్లీ మేల్కొని, కొరతను భర్తీ చేయడానికి టీఎస్‌హెచ్‌ను కొంతకాలం ఎక్కువగానే విడుదల చేస్తుంది. పెద్ద జబ్బు నుంచి తేరుకుంటున్నవారిలో అది తాత్కాలికంగా 20 దాకా పోవచ్చు. కాబట్టి ఒకే మనిషి జ్వరంలో ఉండగా పరీక్ష చేయించుకుంటే థైరాయిడ్ ఎక్కువైందన్న అనుమానమూ, మూడు వారాల తర్వాత చేయించుకుంటే తక్కువైందన్న అనుమానమూ వచ్చే అవకాశం ఉంది. రక్తంలో టీ4 సగానికి తగ్గడానికి సుమారు 7 రోజులు పడుతుంది. అటువంటి అయిదారు విడతలు గడిస్తే తప్ప పిట్యూటరీకీ థైరాయిడ్‌కూ మధ్య లెక్క కుదుటపడదు. ఆరు వారాలన్న గడువు వెనుక ఉన్న లెక్క ఇదే.

అయితే వెంటనే చేయించుకోవడమే సరైనదయ్యే సందర్భం ఒకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అది సబ్ అక్యూట్ థైరాయిడైటిస్, అంటే వైరస్ జ్వరం తర్వాత థైరాయిడ్ గ్రంథికే వచ్చే వాపు. స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వెన్ 1904లో దీన్ని వివరించాడు గనుక ఆయన పేరుతోనూ పిలుస్తారు. 2020లో కోవిడ్ తర్వాత ఇది వచ్చిన తొలి కేసును ఇటలీ వైద్యులు ప్రచురించారు. జ్వరం తగ్గిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో మెడ ముందు భాగంలో నొప్పి మొదలై దవడకూ చెవికీ పాకుతుంది. మింగితే నొప్పి, చొక్కా పై గుండీ పెట్టుకున్నా నొప్పి. చాలామంది దీన్ని గొంతు ఇన్ఫెక్షన్ తిరగబెట్టిందనుకుని యాంటీబయాటిక్ వాడి, అది తగ్గకపోతే మరొకటి వాడతారు. ఇక్కడ ఆరు వారాలు ఆగితే నష్టమే, ఎందుకంటే వాచిన గ్రంథిలో నిల్వ ఉన్న హార్మోన్ ఒక్కసారిగా రక్తంలోకి కారిపోయే దశ మూడు నుంచి ఆరు వారాలకు మించి సాధారణంగా ఉండదు. ఆ తర్వాత పరీక్ష చేస్తే హార్మోన్ తక్కువైన దశ మాత్రమే కనబడి, కథలో మొదటి సగం తప్పిపోతుంది. ఈ నొప్పి ఉన్నవారికి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4తో పాటు ఒంట్లో వాపును సూచించే ఈఎస్ఆర్ రక్తపరీక్ష కూడా చూస్తారు. అది తరచుగా 50 దాటి ఉంటుంది. కారుతున్నది పాత నిల్వే గనుక, కొత్త హార్మోన్ తయారీని ఆపే కార్బిమజోల్ వంటి మందు ఇక్కడ పనిచేయదు. నొప్పి, వాపు తగ్గించే మందులు, అవసరమైతే స్టెరాయిడ్, దడ తగ్గడానికి మరొక మందు, అంతే. ఎక్కువమందిలో కొన్ని నెలల్లో గ్రంథి తిరిగి మామూలవుతుంది, కొద్దిమందికి మాత్రం శాశ్వతంగా మాత్ర అవసరపడుతుంది.

గర్భిణులు కూడా ఆగకూడదు, ఎందుకంటే తొలి నెలల్లో గర్భస్థ శిశువు తల్లి హార్మోన్ మీదే ఆధారపడుతుంది. ఇదివరకే థైరాయిడ్ మాత్ర వాడుతున్నవారు జ్వరం రోజుల రిపోర్టు చూసి మోతాదు మార్చుకోవడం గానీ మానేయడం గానీ చేయకూడదు. జ్వరం తర్వాత బలానికని ఐరన్, కాల్షియం మాత్రలు మొదలుపెడితే వాటికీ థైరాయిడ్ మాత్రకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి.

మూడో దారిగా కొందరు హార్మోన్లన్నీ ఒకేసారి చూసే ప్యాకేజీ వైపు మొగ్గుతారు. నేనైతే దాని జోలికి పోను. ఇన్ఫెక్షన్‌లో ఒత్తిడి హార్మోనైన కార్టిసాల్ పెరగడం ఆరోగ్యకరమైన స్పందన; టెస్టోస్టెరాన్ తగ్గడమూ తాత్కాలికమే, పైగా జబ్బులో ఉండగా దాన్ని కొలవడానికి అర్థం లేదు. కాకపోతే మూడు నాలుగు వారాలకు మించి స్టెరాయిడ్ వాడి హఠాత్తుగా ఆపేసినవారికి, నిలబడితే కళ్లు తిరగడం, వాంతులు, బీపీ పడిపోవడం ఉంటే, ప్యాకేజీ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దాహం, మూత్రం విపరీతంగా పెరిగితే చక్కెర పరీక్ష కూడా ఆలస్యం చేయకూడదు.

ఇవేవీ లేనివారికి ఆగడమే మేలని నా అభిప్రాయం. అయితే ఓపికగా ఆగినవారే చివర్లో బోల్తాపడే చోటు ఒకటుంది. పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు రాలడం మామూలు; అది చూసి భయపడి జుట్టు మాత్రలు మొదలుపెడతారు, వాటిలో బయోటిన్ అనే విటమిన్ ఉంటుంది. రోజుకు సరిపోయేది 30 మైక్రోగ్రాముల చొప్పున అయితే, ఆ మాత్రల్లో 5, 10 మిల్లీగ్రాములు ఉండడం అరుదేమీ కాదు. కొన్ని ల్యాబు పద్ధతుల్లో ఇది పరీక్షకు అడ్డుపడి టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. రిపోర్టు చూస్తే అచ్చం హైపర్ థైరాయిడ్‌లాగే ఉంటుంది. అందువల్ల రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపి, ఆ సంగతి ల్యాబులోనూ చెప్పాలి.

ఆరు వారాల తర్వాత కూడా టీఎస్‌హెచ్ 10 దాటి ఉంటే వైద్యులు సాధారణంగా చికిత్స గురించే మాట్లాడతారు. 5కీ 10కీ మధ్య ఉంటే మాత్రం టీపీఓ యాంటీబాడీల (శరీరం తన థైరాయిడ్ మీదే దాడి చేస్తోందని సూచించేవి) పరీక్ష చేయించి, మరో రెండు మూడు నెలలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూస్తారు. యాంటీబాడీలు ఉన్నట్లు తేలితే, గ్రంథిలో ఆ లోపం జ్వరానికి ముందునుంచే ఉండి, జ్వరం పేరుతో జరిగిన పరీక్షలో ఇప్పుడు బయటపడి ఉండవచ్చు.