జాగ్రత్త: పాత విమానంలో తిప్పుతామంటూ అమ్మే టికెట్లు కొనేముందు ఇది చదవండి

పాత విమానాలను చూడటానికి, వీలైతే ఒకసారి ఎక్కి తిరగడానికి టికెట్లు కొనాలనుకుంటున్నవారి కోసం ఇది రాస్తున్నాను. విమానాల మ్యూజియం పేరు వాడుకుంటూ, ఆ మ్యూజియంతో ఏ ఒప్పందమూ లేని ఒక మధ్యవర్తి సంస్థ నాకు రెండు టికెట్లు అంటగట్టింది. డబ్బు పోయినందుకు బాధ ఉంది. నాన్న డెబ్బై రెండో పుట్టినరోజు ఇలా పాడైనందుకు అంతకంటే ఎక్కువ బాధ ఉంది.

నాన్న జీవితమంతా ఇంజిన్ల మధ్యే గడిచింది. లారీలు, జనరేటర్లు, నీటి పంపులు, ఏదైనా సరే చప్పుడు విని జబ్బు చెప్పేవారు. విమానం ఇంజిన్‌ను మాత్రం ఎప్పుడూ దగ్గరగా చూడలేదు. అందుకే ఆ ప్రకటన కంటపడగానే మరో ఆలోచన లేకుండా కొనేశాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ ఇంజిన్ స్టార్ట్ చేస్తుంటే పక్కన నిలబడి చూడవచ్చు, దాని కాక్‌పిట్‌లో కూర్చోవచ్చు, ఆ తర్వాత టైగర్ మాత్ అనే చిన్న పాత విమానంలో ‘మీరిద్దరూ కలిసి’ ఇరవై నిమిషాలు ఆకాశంలో తిరగవచ్చు అని రాశారు. మ్యూజియం గేటు దగ్గర తీసుకునే టికెట్ ధరకు ఎన్నో రెట్లు చెల్లించాను.

‘ఇద్దరూ కలిసి’ అన్న మాట దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. 1931లో తొలిసారి ఎగిరిన టైగర్ మాత్ పైలట్ల శిక్షణ కోసం తయారైన విమానం. రెండంతస్తుల రెక్కలు, పైకప్పు లేని రెండే రెండు సీట్లు, అవీ ఒకదాని వెనక ఒకటి. ఒకటి గురువుకు, ఒకటి శిష్యుడికి. పైలట్ వెనక కూర్చుంటే ముందు సీటులో ఒక్కరికే చోటు. అందులో ఇద్దరు ప్రయాణికులను ఎక్కిస్తామని అమ్ముతున్నవారు ఆ విమానాన్ని కంటితో కూడా చూసి ఉండరు.

ఆ ఉదయం మేము మ్యూజియం గేటు దగ్గర దిగామో లేదో ఫోనుకు సందేశం వచ్చింది: ‘బలమైన గాలుల కారణంగా నేటి విమాన ప్రయాణం రద్దయింది. డబ్బు వాపసు ఇవ్వబడదు.’ నాన్న ఏమీ మాట్లాడకుండా రన్‌వే వైపు చెయ్యి చూపించారు. గాలి ఎటు వీస్తోందో తెలిపే విండ్‌సాక్ అక్కడ ఒక స్తంభానికి కట్టి ఉంది. గాలి గట్టిగా ఉంటే ఆ నారింజ రంగు గుడ్డ గొట్టం నేలకు అడ్డంగా చాచుకుని నిలబడుతుంది. ఆ రోజు అది తడిసిన తువ్వాలులా స్తంభాన్ని అంటిపెట్టుకుని వేలాడుతోంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నిజంగా గాలి ఎక్కువగా ఉన్నప్పుడు ప్రయాణం ఆపడం ముమ్మాటికీ సరైన పని. టైగర్ మాత్ ఖాళీ బరువు దాదాపు 500 కిలోలే, రెక్కలకు కప్పి ఉండేది గుడ్డ. అడ్డగాలి కొడితే నేల మీద కూడా దాన్ని అదుపులో పెట్టడం కష్టం. నిజాయితీగా నడిపేవారు ఈ సంగతి ముందే చెప్పి, మరో తేదీ ఇస్తారు లేదా డబ్బు తిరిగి ఇస్తారు. నా ఫిర్యాదు గాలి మీద కాదు, లేని గాలిని సాకుగా చూపినవారి మీద.

తర్వాత స్పిట్‌ఫైర్. గేటు లోపల ఎత్తైన దిమ్మె మీద కనిపించగానే నాన్న నడక వేగం పెరిగింది. దగ్గరికి వెళ్లి రెక్క అంచు మీద వేలి మెటికతో రెండుసార్లు తట్టారు. బోలుగా, ప్లాస్టిక్ డ్రమ్ము మీద కొట్టినట్టు వినిపించింది. ‘‘ఇది లోహం కాదమ్మా’’ అన్నారు. రేకులను బిగించే రివెట్లు లేవు, రివెట్లలా కనిపించే చుక్కలు రంగుతో వేసి ఉన్నాయి. పొగ బయటికి వచ్చే గొట్టాలు అంగుళం లోతులోనే మూసుకుపోయి ఉన్నాయి. అసలు స్పిట్‌ఫైర్‌లో ఆ గొట్టాల వెనక 12 సిలిండర్లు, 27 లీటర్ల మెర్లిన్ ఇంజిన్ ఉంటుంది. ఇక్కడ వెనక ఏమీ లేదు. మ్యూజియం వారిని తప్పు పట్టలేం. ఇది ఫైబర్‌గ్లాస్ నమూనా అని పక్కనే పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టారు. ఎండావానల్లో అసలు విమానాన్ని నిలపడం ఇష్టం లేక చాలా మ్యూజియాలు ఇలా నమూనాలను పెడతాయి. దాని ఇంజిన్ స్టార్ట్ చేసి చూపిస్తామని అమ్మింది మాత్రం ఆ సంస్థే.

టైగర్ మాత్ ఉన్న మాట నిజం, హ్యాంగర్‌లో, అంటే విమానాలు నిలిపే షెడ్డులో. దాని ముక్కు ఉండాల్సిన చోట ఇంజిన్ బిగించే ఉక్కు చట్రం ఒక్కటే ఉంది, చెక్క ప్రొపెల్లర్‌ను గోడకు ఆనించి పెట్టారు. అక్కడ స్వచ్ఛందంగా పనిచేస్తున్న పెద్దాయనకు మా టికెట్లు చూపించాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివి, ‘‘ఇంజిన్ విప్పి మరమ్మతుకు పంపి నాలుగు నెలలైందండీ. మీకు సీట్లు ఎవరు అమ్మారు?’’ అని అడిగారు. అలా వచ్చినవాళ్లలో మేము మొదటివాళ్లం కాదట.

ఆ రోజును కొంతైనా నిలబెట్టింది ఆ పెద్దాయనే. నాన్నను డకోటా అనే రెండో ప్రపంచ యుద్ధం నాటి రవాణా విమానం దగ్గరికి తీసుకెళ్లారు. 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీ మీద సైనికులను పారాచూట్లతో దింపింది ఈ రకం విమానాలే. దాని ఇంజిన్‌లో 14 సిలిండర్లు రెండు వరుసలుగా, గుండ్రంగా అమరి ఉంటాయి. విమానం ఊరికే నిలిచి ఉంటే నూనె మెల్లగా కిందివైపు సిలిండర్లలోకి దిగుతుంది. అలాగే స్టార్ట్ చేస్తే నూనె ఒత్తిడికి కుదించుకోదు, దాంతో లోపలి కడ్డీ వంగిపోతుంది. అందుకే ముందుగా ప్రొపెల్లర్ రెక్కలను చేత్తో ఒక్కొక్కటిగా తిప్పుతారు. ఇంజిన్ కింద పెట్టిన రేకు పళ్లెంలో నల్లటి నూనె చుక్కలు పడుతున్నాయి. నాన్న ఒక చుక్కను వేలికి అద్దుకుని వాసన చూసి, అరగంట పాటు ఆయనతో మాట్లాడుతూనే ఉన్నారు. దీనికి గేటు దగ్గర మామూలు టికెట్ చాలు.

ఇంటికి వచ్చాక వాపసు అడిగితే, నిబంధనల్లో ‘సమాన విలువగల మరో అనుభవం’ అనే వాక్యం చూపించారు. ఆ అనుభవం ఏమిటంటే తెర ముందు కూర్చుని ఆడే విమానం ఆట. ఒప్పుకోలేదు. ప్రకటన, సందేశాలు, ఇంజిన్ లేని విమానం ఫొటో జతచేసి బ్యాంకుకు ఫిర్యాదు చేశాను. కార్డుతో చెల్లించినవారు ఆలస్యం చేయకండి, ఫిర్యాదుకు గడువు ఉంటుంది. ప్రకటనను తెర ఫొటో తీసి దాచుకోండి. మా తేదీ దాటగానే ఆ పేజీలో మాటలు మార్చేశారు.

కొనేముందు నేరుగా మ్యూజియానికి ఫోన్ చేయండి. ఆ తేదీన ఎగిరే కార్యక్రమం ఉందా, ఆ విమానం ఎగిరే స్థితిలో ఉందా, మీకు టికెట్ అమ్ముతున్నవారు వాళ్లకు తెలుసా అని అడగండి. విమానం రిజిస్ట్రేషన్ నంబరు, దాన్ని నడిపే సంస్థ పేరు అమ్మేవారి నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఇది డబ్బుకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. 2018 ఆగస్టులో స్విట్జర్లాండ్ కొండల్లో 1939 నాటి యుంకర్స్ విమానం కూలి అందులో ఉన్న 20 మందీ చనిపోయారు. 2019 అక్టోబరులో అమెరికాలో బి-17 అనే పాత బాంబర్ విమానం కూలి ఏడుగురు మరణించారు, నిర్వహణ లోపాలు బయటపడి దాన్ని నడిపిన సంస్థ డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించే అనుమతి కోల్పోయింది. పాత విమానాల ప్రయాణాలకు మామూలు విమానయాన సంస్థలకు ఉండే నియమాలన్నీ వర్తించవు. ప్రమాదం సంగతి తెలిసే ఎక్కుతున్నామని చాలా చోట్ల సంతకం పెట్టించుకుంటారు. బీమా ఎవరిది, పైలట్ ఎవరు అని నాకు టికెట్లు అమ్మిన సంస్థను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ తగ్గింపు కూపన్ పంపారు.

నిన్న మళ్లీ మ్యూజియానికి ఫోన్ చేశాను. టైగర్ మాత్ ఇంజిన్ ఇంకా తిరిగి రాలేదు. ఆ సంస్థ పేజీలో మాత్రం వచ్చే ఆదివారం ప్రయాణానికి ఇంకా మూడు సీట్లు మిగిలి ఉన్నాయని చూపిస్తోంది.