నయీంనగర్‌లో నేవీ కోచింగ్: క్లాసు బాగుంది, హాస్టల్ బాగాలేదు

మా తమ్ముణ్ని నేవీ అగ్నివీర్ కోచింగ్‌లో చేర్పించి నాలుగు నెలలైంది. రెండో అంతస్తులో రెండే గదులు. లెక్కలు, సైన్సు బాగానే చెబుతున్నారు, పొద్దున్నే జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) గ్రౌండ్‌కు తీసుకెళ్లి 1.6 కిలోమీటర్లు ఆరున్నర నిమిషాల్లో ఉరికిస్తున్నారు, అది ఎక్కడైనా ఉండేదే. నేను రాయాలనుకున్నది శనివారం క్లాసు గురించి.

ఆ క్లాసు చెప్పే సార్ నేవీలో రేడియో పని చేసి రిటైరయ్యారు. ఇంట్లోవాళ్లు కూడా కూర్చోవచ్చంటే ఒకసారి వెళ్లాను. ఆరోజు పాఠం 1946 నౌకాదళ తిరుగుబాటు మొదలైన 'తల్వార్'. పేరు ఓడ పేరే గానీ అది నీళ్ల మీద లేదు, బొంబాయి కొలాబాలో బ్రిటిష్ కాలపు నౌకాదళం నడిపిన సిగ్నల్ స్కూలు. సార్ పెన్ను మూతతో బెంచీ మీద టక్, టక్‌టక్ అని కొట్టి, "అక్కడి క్లాసుల్లో చదువంటే ఇదే బిడ్డా" అన్నారు. పిల్లలందరితో ఎవరి పేరు వాళ్లతో మోర్స్‌లో, అంటే చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే పద్ధతిలో, కొట్టించారు. మావాడు ఇప్పుడు ఇంట్లో కంచం మీద కూడా అదే కొడుతున్నాడు.

1946 ఫిబ్రవరి మొదట్లో బి.సి. దత్ అనే నావికుడు అక్కడ 'క్విట్ ఇండియా', 'జై హింద్' అని రాసి దొరికిపోయాడు. తల్వార్ పై అధికారి కమాండర్ కింగ్ నావికులను నీచంగా తిట్టాడు. తిండి సంగతైతే ఎప్పటినుంచో గొడవే. 18న తిండి ముట్టకుండా, పనికి పోకుండా కూర్చున్నారు. వైర్‌లెస్ తెలిసినవాళ్లు కదా, కబురు కరాచీ దాకా పాకింది. 78 ఓడలు, దాదాపు 20 వేల మంది నావికులు అందులో కలిశారు. సర్దార్ పటేల్ చెప్పాక 23న విరమించారు. తర్వాత ఎంతోమంది ఉద్యోగాలు పోయాయి, స్వతంత్రం వచ్చాక కూడా వాళ్లను తిరిగి నేవీలోకి తీసుకోలేదు. అది చెప్పేటప్పుడు సార్ గొంతు మారింది, గదిలో ఎవరూ కదల్లేదు. పరీక్షలో వస్తుందా అని ఒక్క పిల్లాడూ అడగలేదు.

హాస్టల్ మాత్రం వద్దు. పప్పులో నీళ్లు తప్ప ఏమీ ఉండదు, రెండుసార్లు అన్నంలో రాళ్లు వచ్చాయి, చెబితే వంట మనిషి మీద నెట్టేశారు. శనివారం ఈ సంగతి సార్ చెవిన వేస్తే ఆయనే వంటగదిలోకి వెళ్లి గిన్నె మూత తీసి చూశారు. ఆ వారం కొంచెం మారింది, మళ్లీ మామూలే. అందుకే మావాణ్ని ఇంటి నుంచే పంపుతున్నాం.

చేర్పిస్తే రోజూ వచ్చిపోయేలా చేర్పించండి. శనివారం క్లాసు సాయంత్రం ఐదింటికి, ముందు బెంచీలు నాలుగున్నరకే నిండిపోతాయి.