చరణం చదివి పాట చెప్పించే పెట్టె

గత డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో ఒక చిన్న దుకాణం ముందు ఆగి, పాత తెలుగు సినిమా పాటల ఆట అని అట్టమీద రాసి ఉన్న కార్డుల పెట్టె ఒకటి 450 రూపాయలకు కొన్నాను. అందులో పేకముక్కలకంటె కాస్త పెద్దవైన 240 కార్డులు, ఒక ఇసుక గడియారం, నియమాలు అచ్చువేసిన మడత కాగితం, ఏమీ రాయని పది ఖాళీ కార్డులు ఉన్నాయి. ప్రతి కార్డుకు ఒకవైపు ఏదో ఒక పాటలోని ఒకటి రెండు పాదాలు మాత్రమే ఉంటాయి. వెనకవైపు ఆ పాట పల్లవి, సినిమా పేరు, విడుదలైన సంవత్సరం, రాసినవారు, స్వరపరచినవారు, పాడినవారి పేర్లు ఉంటాయి. ఒకరు ఆ పాదాలను రాగం తీయకుండా చదివితే, ఎదుటి జట్టు నిమిషంలోగా పల్లవి చెప్పాలి. పల్లవికి రెండు మార్కులు, సినిమాకు ఒకటి, కవి పేరుకు మూడు. సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో నాలుగు సాయంత్రాలు వరుసగా ఇదే ఆడాము కాబట్టి, దీని మంచిచెడ్డలు చెప్పగలిగినంత అనుభవం వచ్చిందనే అనుకుంటున్నాను. తయారుచేసినది ఇద్దరు ముగ్గురు కలిసి నడుపుకుంటున్న చిన్న సంస్థ. నేను కింద చెప్పబోయే తప్పులను మలి ముద్రణలో దిద్దుతామని వారు ఫోనులో మాట ఇచ్చారు గనుక, పేరు రాయకుండా పెట్టె గురించి మాత్రమే రాస్తున్నాను.

మనకు అలవాటైన పాటల ఆట అంత్యాక్షరి. రైలులోనైనా, పెళ్ళివారి బస్సులోనైనా అందులో కావలసింది పాట మొదలు ఒక్కటే. పల్లవి రెండు పాదాలు పాడేసరికి ఎదుటివారు అక్షరం అందుకుంటారు. అందువల్ల మనలో చాలామందికి వందల పల్లవులు నోటికి వస్తాయి గాని, రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి మాటలు జారిపోయి తననన అని లాగించేస్తాము. ఈ పెట్టె సరిగ్గా ఆ జారిపోయిన చోటనే పట్టుకుంటుంది. 2022లో ఇంగ్లీషు పాటలతో హెర్డిల్ అనే ఆట ఒకటి వచ్చి ఫోన్లలో తెగ తిరిగింది. అది పాట తొలి క్షణాల సంగీతం వినిపించి పేరు అడిగేది. ఆ ఏడాదే స్పాటిఫై దాన్ని కొనుక్కుని, 2023లో మూసివేసింది. ఇక్కడ వ్యవహారం అందుకు తిరగబడి ఉంటుంది: బాణీ బొత్తిగా ఉండదు, మాటలు మాత్రమే ఉంటాయి. బాణీ లేనప్పుడు మాట ఎంతవరకు నిలబడుతుందన్నదే ఈ ఆటలోని అసలు పరీక్ష, అది ఆడేవారికి ఎంత పరీక్షో రాసినవారికీ అంతే.

మొదటి సాయంత్రం నాలుగో కార్డు తీసినవాడు ఇంటరు చదువుతున్న మా మేనల్లుడు. "శూన్యమైన వేణువులో ఒక స్వరం కలిపి నిలిపింది" అని వార్తలు చదివినట్టు గబగబా చదివేశాడు. ఎవరికీ అందలేదు. మా పిన్ని మాత్రం, "ఒరే కన్నా, అలా పరుగెత్తకు, ఒక్కో మాట దగ్గర ఆగి చదువు" అంది. వాడు రెండోసారి నెమ్మదిగా చదువుతుంటే ఆవిడ కుడిచేతి వేళ్ళు మోకాలి మీద కదలడం మొదలైంది, పెదవులు కదిలాయి గాని గొంతు పైకి రాలేదు, ఇసుక ఇంకా సగం ఉండగానే "నిదురించే తోటలోకి" అని చెప్పేసి, ముత్యాలముగ్గు, సుశీల అని కలిపింది. కవి ఎవరన్నదానికి పక్కనున్న బాబాయి తొందరపడి ఆరుద్ర అన్నాడు. ఆ సినిమాలో ఆరుద్ర పాటలున్న మాట నిజమే గాని, ఈ ఒక్కటి గుంటూరు శేషేంద్రశర్మ రాసినది, పైగా సినిమాకు ఆయన రాసిన ఒకే ఒక్క పాట. మూడు మార్కులు పోయినందుకు పిన్ని ఆ రాత్రి భోజనాల దగ్గర కూడా బాబాయిని వదలలేదు.

చదివేవారు రాగం తీయకూడదన్నారు బాగానే ఉంది, మరి చెప్పేవారు కూనిరాగం తీయవచ్చునా అన్న సంగతి మడత కాగితంలో లేదు. తీయకుండా ఆపడం ఎవరి తరమూ కాదని మాకు తొలి సాయంత్రమే తెలిసిపోయింది. పాదంలో ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ విరవాలో తేలేదాకా బాణీ దొరకదు, బాణీ దొరికిందంటే పల్లవి వెనకనే నడిచి వస్తుంది. పిన్నికి ఉన్న అదనపు బలం వేరు. ఆవిడ చిన్నతనంలో సినిమా హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకాలు కొని దాచుకున్న మనిషి. కథ సగం చెప్పి, శేషం వెండితెరపై చూడమని ముగించి, ఆ తరువాత పాటలన్నీ పూర్తిగా అచ్చువేసే ఆ పలచని పుస్తకాల్లో చరణాలు కూడా పల్లవులంత గౌరవంగానే ఉండేవి. అవి చదివి పెరిగినవారికి, రేడియోలో విని పెరిగినవారికి మధ్య తేడా ఈ ఆటలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఇలాంటి పెట్టెకు ప్రాణం పాటల ఎంపికలో ఎంత ఉందో, పాదాన్ని ఎక్కడ కత్తిరించారన్నదానిలో అంతకుమించి ఉంది. ఆ కత్తెర బాగా పడిన కార్డులు చూస్తే చేసినవారికి పాట తెలుసునని ఒప్పుకోవాలి. ఒక కార్డు మీద "పిల్లవాయువుల లాలనలో" అని రెండే మాటలున్నాయి. చిరుగాలి, పిల్లగాలి, మలయమారుతం అని ఎందరో రాశారు. అచ్చ తెలుగు పిల్లను తెచ్చి సంస్కృత వాయువుకు అతికించి, అది అతుకని ఎవరికీ అనిపించకుండా పాడించిన కవి ఎవరని ఆలోచిస్తే పింగళి నాగేంద్రరావు ఒక్కరే తోస్తారు. దుష్టచతుష్టయాన్నీ, అసమదీయులనూ మన నోటికి ఎక్కించిన ఆ కలం తెలిసినవారికి పాట గుర్తురాకముందే కవి గుర్తొస్తాడు. మా ఇంట్లో జరిగింది అదే: ముందు పింగళి అన్నారు, తరువాత మాయాబజార్ అన్నారు, చిట్టచివర "లాహిరి లాహిరి లాహిరిలో" అన్నారు. 1957 నాటి పాటను ఈ క్రమంలో వెనకనుంచి పట్టుకోవడంలో ఉన్న సరదా అంత్యాక్షరిలో ఎన్నడూ దొరకదు.

ఇంకొక కార్డు మీద "బండరాళ్ళను చిరాయువుగా జీవించమని" అన్నంతవరకే ఉంది. ఆ పాదం చివర ఉండే ప్రశ్నను కావాలనే కోసేశారు. ప్రశ్న ఉంటే చిన్నపిల్లలు కూడా "ఆది భిక్షువు" అనేస్తారు. అది లేకపోయేసరికి మాకు ముప్పావు నిమిషం పట్టింది. చెవికి ఏదో వెలితిగా ఉండి, ఆ వెలితిని పూరించబోయి "ఆనతిచ్చినవాడు" అన్న మాట మా అక్క నోటి నుంచి జారింది, ఇక ఆ తరువాత ఆగలేదు. ఆ పాట ఉన్న సిరివెన్నెల సినిమా 1986లో వచ్చింది, దాని పేరే పాట రాసిన సీతారామశాస్త్రికి ఇంటిపేరు అయి కూర్చుంది. ఈ ఒక్క కార్డు కోసమైనా కత్తిరించినవారిని మెచ్చుకోవాలి.

అయితే పెట్టెలో దాదాపు మూడోవంతు కార్డులు ఇంత శ్రద్ధతో చేసినవి కావు. కొన్నింటిలో సాక్షాత్తూ పల్లవినే ఇచ్చేశారు. అక్కడ ఆలోచించడానికి ఏముంటుంది, ఎవరు ముందు అరిస్తే వారికి మార్కులు. మరికొన్నింటిలో వెన్నెల, మల్లెలు, కోయిల మూడూ ఒకే పాదంలో ఉంటాయి. అలాంటి పాదానికి మా ఇంట్లో ఐదు పాటలు చెప్పారు, ఐదూ తప్పే, జవాబు చూశాక అది కూడా అలాగే ఉంటుందని సరిపెట్టుకున్నాము. "చందమామ రావే జాబిల్లి రావే" అని ఒక కార్డు మీద వేసి సిరివెన్నెల సినిమా అని మాత్రమే జవాబు ఇవ్వడం మరీ అన్యాయం. గోరుముద్దలు తిన్న ప్రతి తెలుగు బిడ్డా దాన్ని ఏ సినిమా చూడకముందే విన్నాడు.

అన్నిటికంటె పెద్ద తగువు "దొరకునా ఇటువంటి సేవ" దగ్గర వచ్చింది. సంగీతం నేర్చుకున్న మా పెదనాన్న, అది త్యాగరాజస్వామి కృతి, రాగం బిలహరి అని తేల్చేశారు. కార్డు వెనక శంకరాభరణం, వేటూరి అని ఉంది. ఇద్దరిదీ నిజమే. బిలహరిలో ఆ మాటలతో మొదలయ్యే త్యాగరాజ కృతి ఉంది. 1980లో వచ్చిన సినిమాలో అదే ఎత్తుగడతో మొదలై మధ్యమావతిలో సాగే పాటను వేటూరి రాశారు. మొదటి పాదం ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే ఏ పాటో ఎవరు చెప్పగలరు? పెదనాన్న పావుగంట సేపు రెండూ పాడి వినిపించారు, ఆట ఆగిపోయింది, అందరూ విన్నారు. మార్కులు ఆయన జట్టుకే ఇచ్చాము.

ఇక అచ్చు సంగతి. నేను క్షమించలేని తప్పు మూగమనసులు కార్డులలో ఉంది. "పాడుతా తీయగా సల్లగా" అని ఆత్రేయ రాస్తే, అచ్చుతప్పులు దిద్దినవారెవరో ఆ సకారాన్ని తప్పనుకుని "చల్లగా" అని మార్చారు. "గట్టుమీన సెట్టుంది" అన్నది కూడా "గట్టుమీద చెట్టుంది" అయిపోయింది. ఆ సినిమాలో పడవ నడిపే గోపి నోట, గోదావరి ఒడ్డు గౌరి నోట ఆ పలుకు అలా ఉండాలనే కవులు అలా రాశారు. పైగా ఆటలో ఆ యాసే అసలైన ఆధారం. దాన్ని చెరిపేసి ఇప్పుడు గుర్తుపట్టమంటే ఎలా? ఇది చాలదన్నట్టు "గోదారీ గట్టుంది" పాటను కూడా ఆత్రేయ పేరనే వేశారు. అది దాశరథి రాసినది. కవి పేరుకు మూడు మార్కులు పెట్టి, ఆ పేరే తప్పు వేస్తే సరిగ్గా చెప్పినవాడు ఓడిపోతాడు. దాశరథి అని చెప్పిన మా అక్క ఆ సాయంత్రం అలాగే ఓడిపోయింది, మరునాడు ఆధారాలు చూపించి మార్కులు రాబట్టుకుంది.

న్యాయంగా చెప్పాలంటే సరిగ్గా వేసిన చిక్కు కార్డులు కూడా ఉన్నాయి. సీతామాలక్ష్మిలోని "మావిచిగురు తినగానే" పాటకు మా ఇంట్లో ముక్తకంఠంతో వేటూరి అన్నాము; కార్డు దేవులపల్లి కృష్ణశాస్త్రి అని చెప్పింది, కార్డే ఒప్పు. ఎప్పటి మల్లీశ్వరి సినిమాకో పాటలు రాసిన కవి 1978లో కూడా ఇంత లేతగా రాశాడా అని బాబాయి ఆ కార్డును రెండుసార్లు తిప్పి చూశాడు.

ఎంపిక విషయంలో నా ఫిర్యాదు ఒక్కటే. పాటలు ఇంచుమించు 1951 నుంచి 1992 దాకా ఉన్నాయి, రోజా దగ్గర ఆగిపోయాయి, అది వారి ఇష్టం. కానీ మా భూమి సినిమాకు ఒక్క కార్డే దక్కింది. బండి యాదగిరి కట్టి, గద్దర్ పాడిన "బండెనక బండి కట్టి" పల్లవినే అందులోనూ వేసి చేతులు దులుపుకున్నారు. తెలంగాణ పలుకుబడి ఉన్న పాటలు ఇంకా నాలుగు వెతికి వేసి ఉంటే, కోస్తా చుట్టాలతో ఆడే మా బోటి ఇళ్ళలో మార్కులు కాస్త సమంగా పంచుకునేవారు.

కార్డు దళసరిగా ఉంది, నాలుగు రోజుల వాడకానికి మూలలు నలగలేదు. అక్షరాలు మాత్రం ముదురాకుపచ్చ మీద నల్లగా, చీమ తలకాయంత ఉన్నాయి. అరవై దాటినవారే బాగా ఆడగల ఆటకు వారే చదవలేని అచ్చు వేశారు. ఇసుక గడియారం నిమిషానికి పది సెకన్ల ముందే ఖాళీ అవుతోందని మేనల్లుడు ఫోను పెట్టి చూసి తేల్చాడు. డల్లాసులో ఉన్న మా చెల్లెలి పిల్లలు మూడో రోజు వీడియో కాల్‌లో కూర్చున్నారు. తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు, కాబట్టి చెప్పే జట్టులోనే ఉండాల్సి వచ్చింది. "చిన్ని చిన్ని ఆశ" ఒక్కటి పట్టుకున్నారు, ఆ కార్డుకు వారి కేకలకు ఇక్కడ ఫోను అదిరిపోయింది. ఇద్దరే ఉన్న ఇంటికి ఈ పెట్టె కొనమని చెప్పను. మూడు తరాలు ఒకచోట చేరే ఇంటికైతే, మూగమనసులు కార్డులను పెన్నుతో దిద్దుకుని మరీ ఆడుకోమంటాను.

మేము అలాగే చేశాము, దిద్దినది పిన్ని. "చల్లగా"లోని చకారం కొట్టివేసి పైన సకారం రాసింది. ఆ పెన్నుతోనే ఒక ఖాళీ కార్డు తీసుకుని ఏదో పాట చరణంలోని పాదం ఒకటి గుండ్రని అక్షరాలతో రాసి పెట్టెలో కలిపేసింది. వెనకవైపు ఏమీ రాయలేదు. ఊరికి వెళ్ళిపోయాక మేనల్లుడు ఫోను చేసి, "అమ్మమ్మా, సినిమా పేరైనా చెప్పు" అని అడిగితే, "ఆగి ఆగి చదువు, నీకే తెలుస్తుంది" అని పెట్టేసిందట.