సెకండ్ లైఫ్‌లో యోగా, విశ్రాంతి: మూడేళ్ల వాడకం తర్వాత

ఒంగోలు నుంచి కావలికి కాపురం మారాక నాకు అన్నిటికన్నా వెలితిగా తోచింది, ఏళ్ల తరబడి తెల్లవారుజామునే వెళ్లిన యోగా తరగతి. ఇంట్లో వీడియోలు పెట్టుకుని చేసిన సాధన పది రోజులకు మించి సాగలేదు. అప్పుడు సెకండ్ లైఫ్‌లో ఉచిత ఖాతా తెరిచాను. లిండెన్ ల్యాబ్ 2003లో ప్రారంభించిన ఈ ఆన్‌లైన్ కాల్పనిక లోకంలో మన అవతారం, అంటే తెర మీద మన బదులు మెదిలే బొమ్మ, నడుస్తుంది, ఎగురుతుంది, ఇతరులతో మాట్లాడుతుంది; యోగా, ధ్యానం కోసం సభ్యులే కట్టుకున్న వనాలూ తీరాలూ అందులో ఉన్నాయి.

అక్కడి గడియారం కాలిఫోర్నియాది. నేను చేరిన తరగతి అక్కడ సాయంత్రం 6 గంటలకు జరిగేది, అంటే వేసవిలో మనకు మర్నాడు ఉదయం 6:30. నవంబరులో వారు గడియారం గంట వెనక్కి తిప్పగానే అది 7:30 అవుతుంది. పిల్లలకు క్యారేజీలు కట్టే వేళ అది కాబట్టి, ఏటా మార్చి దాకా ఆ తరగతి నాకు అందదు.

చాప మీద మౌస్ నొక్కి కూర్చోమంటే, అందులో ముందే అమర్చిన యానిమేషన్ అవతారాన్ని ఆసనంలో నిలుపుతుంది. వృక్షాసనంలో నా అవతారం ఎంతసేపైనా తొణకదు, నా కాలు మాత్రం అర నిమిషానికే వణుకుతుంది. ఈ తేడాను మొదట్లో నేను తేలికగా తీసుకున్నాను. భుజంగాసనంలో భుజాలు బిగించి మెడను వెనక్కి విరుస్తున్నానని ఎవరికీ కనబడదు. గురువు చూసేది నా అవతారాన్నే కాబట్టి తప్పు ఆమెది కాదు. రెండు నెలలకు మెడనొప్పి పట్టుకుంది. సంక్రాంతికి ఒంగోలు వెళ్లినప్పుడు మా పాత మాస్టారు చూసి, "భుజాలు చెవులకు తగులుతున్నాయమ్మా, కిందికి జార్చు" అంటూ రెక్క ఎముకల కింద రెండు బొటనవేళ్లతో నొక్కారు. మెడ అప్పటికప్పుడే తేలికపడింది.

విశ్రాంతి విషయంలో మాత్రం ఈ లోకానికి నేను ఎంతో రుణపడి ఉన్నాను. అక్కడ వేళను సూర్యాస్తమయంలోనే నిలిపి ఉంచవచ్చు. కావలి దగ్గరి తుమ్మలపెంట తీరంలో సముద్రం మీద పొద్దు పొడవడమే చూసిన నాకు, సముద్రంలోకే పొద్దు దిగే దృశ్యం ఎంతో హాయినిచ్చింది. అయితే అసలు మేలు దృశ్యంలో లేదు. పక్క చాపల మీద ఎక్కడెక్కడి వారో నిశ్శబ్దంగా కూర్చున్నారన్న ఎరుకే నన్ను రోజూ అక్కడికి రప్పించింది. గురువు గొంతు చెవిలో వినబడుతుండగా అరికాళ్ల నుంచి ఒక్కొక్క అవయవాన్నీ వదులు చేసుకుంటూ నిజంగా శవాసనంలో పడుకుంటాను. అప్పుడు తెర వైపు చూడను.

ఖర్చు పెద్దగా లేదు, ఇష్టమైతే గురువుకు ఆ లోకపు డబ్బైన లిండెన్ డాలర్లలో కొంత సమర్పించుకోవచ్చు. నా పాత ల్యాప్‌టాప్ వేడెక్కుతుంటే, దృశ్య దూరాన్ని, అంటే చుట్టూ ఎంత దూరం దాకా దృశ్యం కనబడాలన్న అమరికను, 64 మీటర్లకు తగ్గించాక కుదుటపడింది.

ఆసనాలు కొత్తగా నేర్చుకునేవారు ముందు కొన్ని నెలలైనా కళ్లెదుట ఉండే గురువు దగ్గర నేర్చుకోవాలని గట్టిగా చెబుతాను. ఇప్పుడు నేను మాస్టారు దిద్దిన ఆసనాలనే పొద్దున మిద్దె మీద చేసి, రాత్రి ఇరవై నిమిషాలు సెకండ్ లైఫ్‌లోని ఆ తీరంలో గడుపుతున్నాను. అర్ధమత్స్యేంద్రాసనంలో నడుము సరిగా తిరుగుతోందో లేదో నాకింకా అనుమానమే. దసరాకు ఒంగోలు వెళ్లి ఆయనకు చూపించే దాకా దాని జోలికి పోను.