మాక్రోనా, వేరియబులా: సీలో ఏది మేలు?

సీ ప్రోగ్రామింగ్ భాషలో హ్యాష్ డిఫైన్‌తో రాసే మాక్రో అంటే విలువ మారని వేరియబుల్ అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కాదని తెలియడానికి ఈ రెండు లైన్లు చాలు:

#డిఫైన్ ఎ 10
#డిఫైన్ బి ఎ + 5

ఇప్పుడు బి * 2 ఎంత? 30 అనుకుంటాం, వచ్చేది 20. బిలో 15 అనే విలువేమీ ఉండదు, ‘ఎ + 5’ అనే రాతే ఉంటుంది. కోడ్ కంపైలర్ చేతికి వెళ్లేలోపే, దాన్ని ముందుగా సిద్ధం చేసే ప్రీప్రాసెసర్ ఆ రాతను ఉన్నదున్నట్టు దించేస్తుంది. అది 10 + 5 * 2 అవుతుంది, గుణకారం ముందు జరుగుతుంది. మధ్యలో ఎని అన్‌డెఫ్‌తో రద్దు చేసి 100 అని మళ్లీ డిఫైన్ చేస్తే, ఆ కింద వాడిన బి కూడా మారిపోతుంది. అదే ఇంట్ బి = ఎ + 5 అని వేరియబుల్ రాసి ఉంటే, తర్వాత ఎ ఎంత మారినా బి 15గానే ఉంటుంది.

బ్రాకెట్లు పెడితే ఈ గొడవ తీరుతుంది. కానీ ఇచ్చినదాన్ని దానితోనే గుణించే స్క్వేర్ మాక్రోకి ఐ++ (ఐని ఒకటి పెంచడం) ఇస్తే బ్రాకెట్లూ కాపాడలేవు. అది ((ఐ++) * (ఐ++)) అవుతుంది, అంటే అన్‌డిఫైన్డ్ బిహేవియర్. ఏ జవాబు వస్తుందో ఎవరూ చెప్పలేరు. సీ99 ప్రమాణం నుంచి, ఇచ్చినదాన్ని ఒక్కసారే లెక్కగట్టే ఇన్‌లైన్ ఫంక్షన్లు ఉండగా ఈ టెన్షన్ ఎందుకు?

పైగా మాక్రోకి టైపు లేదు, అడ్రస్ లేదు, స్కోపూ (చెల్లే పరిధి) లేదు. ఫంక్షన్ లోపల డిఫైన్ చేసినా అక్కణ్నుంచి ఫైలు చివరిదాకా నడుస్తుంది.

అలాగని అన్నిచోట్లా కాన్‌స్ట్ ఇంట్ పెట్టేయలేం. సీలో కాన్‌స్ట్ అంటే మార్చకూడదని మాత్రమే. స్విచ్‌లో కేస్ పక్కన, గ్లోబల్ అర్రే సైజుగా అది చెల్లుతుందని ప్రమాణం హామీ ఇవ్వదు. సీ++లో చెల్లుతుంది కాబట్టి అటు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే తడబడతారు. షరతును బట్టి కోడ్‌ని ఉంచే లేదా తీసేసే #ఇఫ్ దగ్గర ఇంకా ప్రమాదం. ప్రీప్రాసెసర్‌కి వేరియబుల్స్ తెలియవు, తెలియని పేరును 0గా తీసుకుంటుంది. లిమిట్ అనే కాన్‌స్ట్‌లో 100 ఉన్నా సరే, ‘#ఇఫ్ లిమిట్ > 50’ కింద రాసిన కోడ్ చడీచప్పుడు లేకుండా ఎగిరిపోతుంది.

అందుకే పూర్ణాంకాలకైతే నా ఓటు పూర్ణాంకాలకు పేర్లు పెట్టే ఈనమ్‌కే. కేస్‌లోనూ అర్రే సైజులోనూ పనిచేస్తుంది, స్కోపు పాటిస్తుంది, డీబగ్గర్‌లో పేరుతో కనిపిస్తుంది. దశాంశ సంఖ్యలు దాచే డబుల్‌కి కాన్‌స్ట్ చాలు. కొత్త కంపైలర్ ఉంటే సీ23 ప్రమాణం తెచ్చిన, కంపైల్ సమయంలోనే విలువ తేలే కాన్‌స్ట్‌ఎక్స్‌పర్ ఇంకా మంచిది. ఒకే హెడర్ ఫైలు రెండుసార్లు చేరకుండా ఆపే హెడర్ గార్డులకీ, ఒక మాక్రో ఉందో లేదో చూసే #ఇఫ్‌డెఫ్‌కీ మాత్రం మాక్రో తప్ప గతి లేదు. వాడినచోట అనుమానం వస్తే జీసీసీ కంపైలర్‌కి -ఈ ఆప్షన్ ఇచ్చి నడపండి, మాక్రోలు విప్పాక కంపైలర్ అసలు ఏం చదువుతోందో కళ్లముందే కనిపిస్తుంది.